దూది మిషన్ పక్కన నికాహ్

సాయంత్రం మోటరు బంద్ అయినంక పావుగంట నా పని ఉండేది. రోలర్ చల్లబడేదాకా ఆగి, ఇనుప తీగ కొక్కెం పట్టుకొని దాని పళ్లల్ల ఇరికిన దూదంత తీసేదాన్ని. ఇరవై రెండేండ్లు చేసిన ఆ పని. మగ్రిబ్ అజాన్ వినబడేలోపల అయిపోవాలె, లేకుంటే మసక చీకట్ల పళ్లు వేళ్లకు గుచ్చుకుంటయ్. మా ఆయన హనీఫ్ గడప మీద కూసోని చాయ్ తాగుకుంట, "ఆ మూల విడిచినవ్ చూడు" అనేటోడు. ఏ మూలా విడువకపోయినా అనేటోడు. నేను మళ్ల లేచి చూసేదాన్ని. ఏం ఉండకపోయేది. ఆయన చాయ్ గ్లాసులకెళ్లి నవ్వేటోడు.

ఇప్పుడు ఆ పావుగంటకు నాకు పని లేదు. గోడ అవతల దుకాణంల మిషన్ ఉన్నది, కొక్కెం మొలకు వేలాడుతున్నది. ఆరు కొట్టంగనే లేచి నిలబడుత. పని లేదని యాదికొచ్చి మళ్ల కూసుంట.

మేం దూదేకులోళ్లం. నమాజ్ చదువుతం, ఇంట్ల తెలుగే మాట్లాడుతం. హనీఫ్‌ది ఆలేరు దగ్గర ఊరు. పద్నాలుగేండ్ల వయసుల ఈయన, వాళ్ల నాయిన వాడిన కమాన్ భుజాన ఏసుకొని సికింద్రాబాద్ వచ్చిండు. కమాన్ అంటే దూది ఏకే విల్లు, మనిషంత పొడుగుంటది. దాన్ని టంగు టంగుమని మీటుకుంట మారేడ్‌పల్లి గల్లీలల్ల, సైనిక్‌పురి బంగ్లాల ముందట తిరిగేటోడు. చప్పుడు విని పిలిచేటోళ్లు. వాకిట్లనే పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూది ఏకి, మళ్ల నింపి కుట్టిచ్చి పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేటోడు. మా పెండ్లయిన రెండేండ్లకు రాంగోపాల్‌పేట్‌ల ఈ ఇల్లు దొరికింది. ముందట దుకాణం, వెనక రెండు అర్రలు, నడుమ ఒక తలుపు. అప్పుడే సెకండ్‌హ్యాండ్‌ల ఈ మిషన్ కొన్నడు.

కొని ఏం చేసిండు? తీసుకొచ్చి దుకాణానికి నట్టనడుమ పెట్టి, సిమెంట్ పోసి బోల్టులు బిగిచ్చిండు. ఆయన తమ్ముడు షఫీ నెత్తి కొట్టుకున్నడు. "ఎవరన్న మిషన్‌ను నడి ఇంట్ల పెడ్తరా అన్నా? గోడకు జరుపు, జాగ మిగుల్తది."

"ఇటు దిక్కు విడి దూది, అటు దిక్కు కుట్టు పని," అన్నడు మా ఆయన. "దుమ్ము నూర్‌బీ మీద పడొద్దు."

ఆ మాట నిలబెట్టుకున్నడు. నేను అటు దిక్కు కూసోని పరుపు గుడ్డలు కుట్టిన. దుమ్ము నా మీద పడలేదు. అంత ఆయన మీదనే పడ్డది.

ఆయనకు అడుగులు, గజాలు రాకపోయేది. ఏదైనా పరుపు లెక్కనే. ఎవరింటికన్న పోతే తలుపుల నిలబడి ఇట్ల చూసి, "ఇది నాలుగు పరుపుల అర్ర" అనేటోడు. మసీదు వరండా ముప్పై పరుపులది. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం ఎన్ని పరుపులదో చూసుకుంట ఒకసారి రైలు తప్పిచ్చుకున్నడు. ఒక పరుపు మీద ఇద్దరు పండొచ్చు, ఐదుగురు కూసోవచ్చు. ఇదీ ఆయన లెక్క. నాకూ అదే అలవాటైంది.

మాకు ఒక్కతే బిడ్డ, మిస్బా. గల్లీ చివర మందుల దుకాణంల బిల్లులు కొడ్తది. మారేడ్‌పల్లి నుంచి షాగుఫ్తా అనే ఆమె పాత పరుపు ఏకిచ్చుకోను వచ్చి, మిస్బాను చూసింది. పరుపు తీస్కపోను మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి కొడుకును తోలుకొచ్చింది. పేరు అతీక్, ఏసీలు రిపేరు చేస్తడు. మా ఎదురింటి బుచ్చమ్మ మోండా మార్కెట్‌ల పూలు అమ్ముతది, ఆమెకు ఇప్పటికీ ఇదే ముచ్చట. "పరుపు ఏకుమంటే పిల్లను మూట కట్టిచ్చినవ్ గదనే నూర్‌బీ!"

బక్రీద్ అయినంక పన్నెండో దినం నికాహ్ అనుకున్నం. ఆ వెనక మొహర్రం, సఫర్ నెలలు, మా ఇండ్లల్ల పెండ్లిళ్లు చెయ్యరు. హనీఫ్ చిన్న ఫంక్షన్‌హాల్ ఒకటి చూసొచ్చిండు. "అరవై పరుపుల హాలు, మనకు ఎక్కువే" అన్నడు. ఆ చలికాలంల దగ్గు ముదిరింది. దూది పని విడువుమని డాక్టరు చెప్పిండు. విడుస్తనన్నడు, బిడ్డ పరుపు ఒక్కటి ఏకినంక. పెండ్లికని దాచిందాంట్ల సగం దవాఖానకే పోయింది. రంజాన్ పండుగ అయిన ఆరో దినం ఆయన పోయిండు. అంతకు ముందు దినం నా చెయ్యి పట్టుకొని, "తారీఖు కదిలియ్యకు" అన్నడు. దమ్ము అందక ఆ రెండు మాటలకే చానసేపు పట్టింది.

భర్త పోయినంక నాలుగు నెలల పది దినాలు ఇద్దత్. అన్ని దినాలు మేం ఇల్లు దాటొద్దు. పెండ్లి తారీఖు దాని నడుమల పడ్డది. అంటే పెండ్లి ఎక్కడ చేసినా, ఇంట్ల తప్ప, నేను ఉండను. ఉన్న ఒక్క బిడ్డ ఒప్పుకున్ననని ఖబూల్ అనేటప్పుడు నేను ఉండను. ఇదే నన్ను తినుకుంట ఉండె.

షఫీ సైనిక్‌పురిల ఉంటడు, టైల్స్ పని కాంట్రాక్టు పడ్తడు. గొంతు పెద్దది, మనసు సుత పెద్దదే. నలభయ్యో దినం ఫాతెహా అయినంక కూసున్నడు.

"వదినా, నువ్వు పరేషాన్ గాకు. హాలు నేను మాట్లాడ్త. ఫైనాన్స్‌ల తీసుకుందం, మెల్లగ కట్టుకుందం. నాలుగొందల మందికి బిర్యానీ పెట్టకుంటే రేపు నా ముఖం ఏం గావాలె?"

"నీ ముఖానికి బిర్యానీ ఎందుకు చిన్నాయినా, ఫేస్‌వాష్ చాలదా?" అన్నది మిస్బా.

"చూసినవా వదినా, అచ్చం అన్న నోరే."

"మరి అమ్మ ఎట్ల?"

"వీడియో కాల్ పెడ్త. పెద్ద టీవీకి కలిపిస్త. ముందట కూసున్నట్టే ఉంటది."

నేను తక్కువ మాట్లాడే మనిషిని. కానీ ఆ దినం నోట్లకెళ్లి వచ్చేసింది. "ఇక్కడ్నే చేద్దాం. దుకాణంల."

ఇద్దరూ నా దిక్కు చూసిన్రు.

"అప్పు వద్దు, హాలు వద్దు. వలీమా దావత్ పిల్లగాని దిక్కోళ్లది, మనది నికాహ్ ఒక్కటే. దుకాణం పన్నెండు పరుపులది. పరుపుకు ఐదుగురు. అరవై మంది కూసుంటరు."

షఫీ మసీదు హజ్రత్‌ను అడిగొచ్చిండు. ఇల్లూ దుకాణం ఒక్క కప్పు కింద ఉన్నయ్ కాబట్టి దోషం లేదన్నడట. సింగారం చేసుకోవద్దు, ఆడోళ్ల దిక్కే ఉండాలె, అంతే. ఆ దినం చాన దినాలకు కడుపునిండ తిన్న.

షాగుఫ్తాకు ఫోన్ చేసి మీరు ముప్పై, మేం ముప్పై అన్నం. ఆమె సరేనన్నది. మిస్బా పేర్లు రాసింది, రెండు దినాలల్ల అందరికీ మెసేజ్‌లు పోయినయ్, పెద్దోళ్లకు ఫోన్లు పోయినయ్. మూడో దినం టేపు పట్టుకొని దుకాణంలకు పోయింది, చాపలు ఎన్ని పడ్తయో చూడనీకి. తలుపు తీసిన చప్పుడైంది. నవ్వు వినబడ్డది. కాసేపైనంక ఆ నవ్వు వేరే తీరుగ అయింది. లోపలికొచ్చి గోడకు ఒరిగి నిలబడ్డది.

"అమ్మా, మరి మిషన్?"

నాకు సమజ్ కాలే.

"అమ్మా, పన్నెండు పరుపులంటివి. నడుమల మిషన్ ఉన్నది కదనే. మోటరు, బెల్టు, దాని చుట్టు జాగ, అన్నీ కలిపి నాలుగు పరుపులు అదే తిన్నది."

నేను మిషన్‌ను లెక్కల పట్టలే. ఎట్ల మర్సిపోయిన్నంటే చెప్పలేను. ఇరవై రెండేండ్లు దాని చుట్టే తిరిగిన, అయినా జాగ లెక్క పెట్టేటప్పుడు అది అడ్డమన్న మాట నా తలకాయల రాలే. ఇంట్ల మనిషి అడ్డమని ఎవరనుకుంటరు? మిగిలింది ఎనిమిది పరుపులు, నలభై మంది. పిలిచిన అరవైల ఇరవై మందిని రావద్దని చెప్పాలె. ఎవరికి చెప్తం? నా చెల్లెకా? షాగుఫ్తా వాళ్ల వదినకా?

బుచ్చమ్మకు తెలిసి గడపల నిలబడి కడుపు పట్టుకున్నది. "ఏందే నూర్‌బీ, మిషన్‌కు సుత దావత్ ఇచ్చినవా? కూసోబెట్టు, నాలుగు బొక్కలు ఎక్కువ ఎయ్యి దానికి!" తర్వాత నా ముఖం చూసి, కొంగుతోటి నోరు తుడుచుకొని పోయింది. ఒక్క గడియైనంక గిన్నెల పచ్చిపులుసు తెచ్చి పెట్టి పోయింది.

షఫీ మర్నాడే పాత ఇనుపసామాను కొనేటాయనను తోలుకొచ్చిండు. నేను తలుపు వెనకనే నిలబడ్డ. ఆయన బోల్టు మీద సుత్తితోటి కొట్టి చూసిండు. "సిమెంట్‌ల మునిగినయ్ సాబ్. గచ్చు పగలగొట్టాలె. శుక్రవారం మనుషులను తెస్త."

ఆయన పోయినంక షఫీ అన్నడు. "జాగ వస్తది, నాలుగు పైసలు వస్తయ్. ఇంకేం సోంచాయిస్తున్నవ్ వదినా?"

నేను తలుపు సందులకెళ్లి మిషన్ దిక్కే చూస్తున్న.

"దాన్ని నువ్వు చూసుకుంట ఎట్ల ఉంటున్నవో నాకు తెల్వది. అన్నను తిన్నది అదే. దాని దుమ్మే ఛాతిల పడి పోయిండు. దాన్ని ఇంకా నెత్తిన పెట్టుకుంటవా?" పక్కకు తిరిగి ఫోన్ చూసుకున్నట్టు చేసిండు.

ఆ మాట అబద్ధం కాదు. నేను సుత ఎన్నోసార్లు అనుకున్నదే. అదే మిషన్ మాకు అన్నం పెట్టింది, బిడ్డను చదివిచ్చింది, ఆయన్ను తీసుకపోయింది. దాన్ని తిట్టాలెనో మొక్కాలెనో నాకు ఇప్పటికీ తెల్వది. కానీ బిడ్డ పెండ్లి నా ముందట గావాలె. పిలిచినోళ్లను వెనకకు పంపలేను. "సరే, శుక్రవారం రమ్మను" అన్న.

బేస్తవారం షాగుఫ్తా వచ్చింది. ఆమె గట్టి మనిషి, ఏ దుకాణంలనైనా రేటు తగ్గియ్యందే బయటికి రాదు. మిషన్ తీసేస్తున్నమని చెప్పిన. తలూపింది. దుకాణమంత తిరిగి చూసింది, కిటికీలు లెక్కపెట్టింది, ఫ్యాన్ వేసి చూసింది. పరుపు లెక్క ఆమెకు తెల్వదు కాబట్టి కాళ్లతోటి కొలిచింది. కొలిచినంక అడిగింది.

"ఆపా, పర్దా ఎక్కడ కడ్తరు? ఆడోళ్లు ఎటు కూసుంటరు, మొగోళ్లు ఎటు?"

నేను ఏం ఆలోచన చెయ్యలే. చెయ్యి దానంతట అదే లేచింది. "ఇటు నేను, అటు ఆయన."

అన్నంక నా మాట నాకే వినబడ్డది. మిస్బా నన్ను చూసింది. షాగుఫ్తా మిషన్‌ను చూసింది. దాని చుట్టు ఒకసారి తిరిగింది. ఇటు నిలబడి చూస్తే అటు దిక్కు మనిషి కనబడడు, మాట మాత్రం వినబడ్తది.

"యా అల్లా," అన్నది షాగుఫ్తా. "మా పెద్దపిల్ల పెండ్లికి పర్దా కట్టనీకే టెంట్‌హౌస్‌కు ఎంత పోసినమో. మీ ఇంట్ల ఇనుప పర్దా కట్టి పెట్టిపోయిండు కదా భాయ్‌సాబ్. దీన్ని పీకుతరా?"

"ఇరవై మంది ఎక్కువైతున్నరు ఆంటీ," అన్నది మిస్బా.

"ఏం ఎక్కువ? నికాహ్ చదివేటప్పుడు మొగోళ్లల్ల పెద్దమనుషులు లోపలుంటే చాలు. వయసు పోరలు గల్లీల నిలబడ్తరు, ఎట్లాగూ ఫోన్లే చూస్తరు. తినేది బంతులుగనే కదా." ఎదురింటి దిక్కు చూసింది. "ఆ అరుగు ఎవరిది?"

బుచ్చమ్మ ఆ అరుగు మీదనే పూలు గుచ్చుకుంట అన్నీ వింటున్నది. "నాదే. నా అరుగు మీద ఇరవై మంది కూసుంటరు. పొట్టలు లేనోళ్లైతే పాతికమంది."

నేను షఫీకి ఫోన్ చేసిన. నా అంతట నేను ఫోన్ చేసుడు ఆయనకు కొత్త, గాబరపడి ఎత్తిండు. "రేపు ఆ మనుషులను వద్దను. మిషన్ ఉంటది" అన్న. "నీ ఇష్టం వదినా" అని పెట్టేసిండు. కోపమొచ్చిందనుకున్న. పొద్దుగాల చూస్తే బియ్యం బస్తా, నూనె డబ్బా ఆటోల వచ్చినయ్.

ఇక పని షురూ అయింది. బిర్యానీ మాట విడిచిపెట్టి బగారా అన్నం, దాల్చా అనుకున్నం. మా చిన్నప్పుడు ఊర్ల పెండ్లి అంటే అదే. తీపికి డబల్‌కా మీఠా, పాలు కల్పలత వాళ్ల డెయిరీ నుంచి. కల్పలత మిస్బా సోపతి. వంటకు మనిషిని పెట్టలే. ఇల్లు దాటొద్దు గని ఇంట్ల పొయ్యి కాడ కూసోవద్దని ఎవరు చెప్పలే కదా. గల్లీ ఆడోళ్లు పీటలు తెచ్చుకొని మా వెనక అర్రల ఉల్లిగడ్డలు కోసిన్రు. ఎన్నో దినాల తర్వాత ఉల్లిగడ్డ పేరు మీద అందరి ముందట ఏడ్చిన.

కూసోనీకి కుర్చీలు తేలే. జనం ఏకనీకి ఇచ్చి తీసుకపోవుడు మర్సిపోయిన పరుపులు దుకాణంల ఏడు మిగిలినయ్. కొన్ని మూడేండ్ల సంది ఉన్నయ్. హనీఫ్ ఒక్కటి సుత అమ్మలే. "వస్తరు, వాళ్ల నిద్ర మన కాడ ఉన్నది" అనేటోడు. అవే పరిచి తెల్ల దుప్పట్లు కప్పినం. మిగిలిన జాగల చాపలు. పరుపు గుడ్డ తాను ఒకటి మిగిలి ఉండె, నీలం చారలది. దాన్ని పైన కొక్కానికి కట్టి మిషన్ మీదికి వదిలినం. రెండు దిక్కులా మంచిగ దిగింది.

బిడ్డకు పరుపు ఒక్కటే కాలే. ఆ ఆఖరి సాయంత్రం ఆయన ఏకింది సగం దూదే. అది పరుపుకు చాలదు. షఫీ స్పాంజిది కొనిస్తనన్నడు, మిస్బా ఒప్పుకోలే. ఆ దూదితోటి తలకింద పెట్టుకునే మెత్తలు రెండు కుట్టిన. గట్టిగ నింపిన. మిస్బా దబ్బనంల దారం ఎక్కిచ్చి ఇచ్చుకుంట కూసున్నది.

నికాహ్ దినం పొద్దుగాల వాన పడి ఆగింది. బుచ్చమ్మ బుట్టెడు మల్లెపూలు తెచ్చి, "మార్కెట్‌ల మిగిలినయ్, పారెయ్యలేక తెచ్చిన" అన్నది. అప్పుడే తెంపిన మొగ్గలు అవి.

కుట్టు దిక్కు ఆడోళ్లం, విడి దూది దిక్కు మొగోళ్లు. నేను ఎప్పుడు కూసునే చోటనే, కిటికీ కింద కూసున్న. ముందట మిస్బా, షాగుఫ్తా తెచ్చిన ఎర్ర జోడా కట్టుకొని. అటు దిక్కు ఖాజీ దగ్గు, అతీక్ సలాములు, ఎవరో చిన్నపిల్ల ఏడ్పు, అన్నీ వినబడుతున్నయ్. ఇరవై రెండేండ్లు ఆ దిక్కు నుంచి ఒక్క మనిషి చప్పుడే విన్న.

ఉక్క పోస్తున్నదని ఎవరో ఫ్యాన్ ఫుల్‌ల పెట్టిన్రు. నేలంత కడిగినం, గోడలు దులిపినం గని దూలాల మీద ఎన్నేండ్ల దూది ఉందో ఎవరు చూసిన్రు? అది రాలుడు షురూ అయింది. మెల్లగ, సన్నగ. అటు దిక్కు, "అరె అరె, షేర్వానీ!" అని ఒకటే నవ్వులు. ఖాజీ రిజిస్టరు ఊదుకుంటున్నడట.

అప్పుడే బిడ్డను అడగనీకి షఫీ ఇద్దరు సాక్షులను తీసుకొని మిషన్ చుట్టు తిరిగి వచ్చిండు. నెత్తి మీద, కనురెప్పల మీద, భుజాల మీద దూది. పొద్దున సంది నల్ల షేర్వానీకి ముడత పడనీయకుండ తిరిగిన మనిషి, దులుపుకోలే సుత. తెల్లగ నిలబడ్డడు. మిస్బా తల ఎత్తి చూసింది. నేనూ చూసిన. అన్నదమ్ముల పోలిక ఉన్నదని తెలుసు గని, అంత పోలిక ఉన్నదని నాకు తెల్వదు.

నా చెయ్యి లేచింది, భుజం మీది దూది తీయనీకి. మరిది అని యాదికొచ్చి ఒళ్లె పెట్టుకున్న.

"మిస్బా బేటా," అన్నడు షఫీ. పెండ్లికొడుకు ఇచ్చే మెహర్ ఎంతనో చెప్పి, "అతీక్‌తోటి నికాహ్ నీకు ఖబూలేనా?"

మిస్బా వెనకకు చెయ్యి చాపింది. నేను పట్టుకున్న. "ఖబూల్" అన్నది. మూడుసార్లు విన్న, మూడుసార్లు నా పక్కనే.

బగారా సరిపోయింది. దాల్చా రెండో బంతికి నీళ్లు కలిపినమని బుచ్చమ్మ ఒక్కతే కనిపెట్టింది. సాయంత్రం బిడ్డ రెండు మెత్తలు చంకల పెట్టుకొని అత్తగారింటికి పోయింది. నేను తలుపు దాకా వచ్చి ఆగిన.

నికాహ్ అయి పది దినాలైంది. నా ఇద్దత్ ఇంకా ఉన్నది. నిన్న షఫీ వచ్చిండు. ఆలేరు దిక్కు మనోళ్లాయన ఒకరు, పక్క గల్లీల కిరాయికి ఉంటడట, దుకాణమూ మిషనూ బాడిగకు అడుగుతున్నడు. సోమవారం వచ్చి చూస్తడు. "అమ్ముదామని అంటలేను వదినా. నడుస్తే నీకు ఇల్లు గడుస్తది. సాఫ్ చేసి పెట్టు."

ఇయ్యాల పొద్దంత అదే పని చేసిన. బేరింగుల నూనె పోసిన. మోటరు తుడిచిన, బెల్టు తుడిచిన. వచ్చేటాయనకు ముక్కుకు కట్టుకోనీకి నాలుగు మడతల గుడ్డ కుట్టి మొలకు తగిలిచ్చిన. కట్టుకోకుంటే మిషన్ ఇయ్యనని షఫీతోటి చెప్పిస్త. ఆరు గంటలకు కొక్కెం తీసిన. రోలర్ పళ్లల్ల ఆ ఆఖరి దినం దూది అట్లనే ఉన్నది, బిడ్డ పరుపుకని ఏకుతుంటే ఆయనకు దమ్ము అందక మోటరు బంద్ చేసినప్పటిది. ఆ సాయంత్రం దవాఖానకు ఉరికినం, తీయలే.

ఈ కొస నుంచి తీసుకుంట పోయిన. చెయ్యి మర్సిపోలే. కిటికీ దిక్కు మూల వచ్చింది. ఇంకో నాలుగు వేళ్ల మందం దూది ఉన్నది. సోమవారం వచ్చేటాయన మోటరు వేస్తే అది ఎట్లాగూ కొత్త దూదిల కలుస్తది, ఎవరి పరుపులకో పోతది. పోనీ.

అజాన్ అయింది. ఇయ్యాల నిజంగనే ఆ మూల విడిచిపెట్టి, కొక్కెం మొలకు తగిలిచ్చి, లోపలికొచ్చి తలుపు దగ్గరకు ఏసిన.